కుక్కలు లేని సందు

మార్చి 9

ఈ రోజూ చదవలేదు. చదవలేకపోయాను అని రాయాలి. రెండింటికీ తేడా ఉంది. ఆ తేడా అమ్మకు చెబితే "ఏదైతేంది, పుస్తకం మూసే ఉంది గదా" అంటుంది.

కారణం కుక్కలు. ఎర్రది, చెవి తెగినది, కుంటిది, నల్లది, నల్లదాని కూతురు. హోటల్ వెనక సందు మొత్తం వాటిదే. సందులోకి సైకిల్ వస్తే మొరుగుతాయి. సైకిల్ పోతే మొరుగుతాయి. పోయిన సైకిల్ మళ్ళీ ఎందుకు రాలేదని మొరుగుతాయి. ఒకటి మొదలుపెడితే మిగతావి విషయం ఏమిటో తెలుసుకోకుండానే అందుకుంటాయి. అచ్చం మా ఊరు చర్లలో బంధువుల లాగా.

చర్లలో కుక్కలు లేవా అంటే ఉన్నాయి. కానీ అవి మన కుక్కలు. పేరు పెట్టి తిడితే ఊరుకునేవి. ఇక్కడివాటిని "ఛీ, పో" అంటే తోక ఊపుతాయి. ఇది పరాయి రాష్ట్రమని నాకు రోజూ గుర్తు చేసేది ఈ దోర్నపాల్ ఊళ్ళో బోర్డుల మీది హిందీ కాదు. ఈ కుక్కలు.

అసలు మేం రావడమే నాన్న జేసీబీ పని కోసం. జనవరిలో మమ్మల్ని ఇక్కడ దింపి తను బీజాపూర్ అవతలికి రోడ్ల పనికి వెళ్ళిపోయాడు. అమ్మ మెయిన్ రోడ్డు మీద టిఫిన్ హోటల్ పెట్టింది. నేను దాని వెనక రేకుల గదిలో డీసెట్‌కు చదువుతున్నాను. అంటే చదవడం లేదు.

పరీక్ష మే 25. టీచర్ ట్రైనింగ్‌లో సీటు రాకపోతే వచ్చే ఏడు ఎక్కడుంటానో నాకు తెలుసు. దోసె పెనం ముందు.

మార్చి 10

కుక్కకు పర్యాయపదాలు: శునకం, శ్వానం, జాగిలం, సారమేయం, గ్రామసింహం.

గ్రామసింహం! ఈ మాట పుట్టించినవాడి ఇల్లు ఊరి బయట ఉండి ఉంటుంది.

మార్చి 13

దోషి దొరికింది. హుంగక్క.

మా రేకు గోడకు అవతలి గది ఆమెదే. హోటల్లో గిన్నెలు తోముతుంది, సాయంత్రం మిరపకాయ బజ్జీలు వేస్తుంది. భర్త మంగల్ మిర్చి కోతకు చర్ల వైపు పోయాడు, ఈమె ఒక్కతే ఉంటోంది. పదేళ్ళుగా ఆమె కూడా ఆ కోతలకే పోయేది, అందుకే తెలుగు వచ్చు. ఈ వీధిలో నాతో తెలుగులో మాట్లాడే ఒకే ఒక్క మనిషి నా శత్రువులకు అన్నదాత అని ఈ రోజు తెలిసింది.

పొద్దున జావ వండుకుంది. ఆకు దొప్పలో పోసింది. తాగుతుంది కాబోలు అనుకున్నాను. మొదటి దొప్ప తీసుకెళ్ళి కుంటిదాని ముందు పెట్టింది. రెండోది ఎర్రదానికి. అన్నీ తాగాక మిగిలింది తను తాగింది.

"అక్కా, వాటికెందుకు పోస్తున్నవ్?"

"ఆకలైతది గదా."

"రాత్రంతా మొరుగుతున్నయి. నేను చదువుకోవాలె."

"ఆఁ, మంచిగ మొరుగుతయి" అంది. సంగీతం నేర్చుకుంటున్న కూతురి గురించి చెప్పినట్టు.

మార్చి 16

రాయి విసిరాను. కుక్కకు తగల్లేదు. దుర్గేశన్న పికప్ బండి అద్దానికి తగిలింది. రోజూ కొంట నుంచి మా హోటల్‌కు కూరగాయలూ కోడిమాంసమూ తెచ్చే బండి.

"ఏంది పంతులమ్మా, కుక్క మీది కోపం నా గాడీ మీద తీస్తవా? నేనేమన్న మొరిగిన్నా?"

"సారీ అన్నా."

"సారీ అద్దానికి చెప్పు."

అద్దం పగల్లేదు. గీత పడింది. అమ్మ అతని ముందు ఒకసారి, అతను పోయాక ఒకసారి, అన్నం పెడుతూ ఒకసారి తిట్టింది. తిట్లలో కొత్తది ఒక్కటీ లేదు.

మార్చి 19

ఎర్రది నా చెప్పు తిన్నది. ఎడమది.

మార్చి 21

కుక్కలను పట్టుకుపొమ్మని పంచాయతీ ఆఫీసుకు పోయి అడిగాను. హిందీలో నాలుగు వాక్యాలు రాత్రే తయారు చేసుకుని, అద్దం ముందు అప్పజెప్పుకుని మరీ పోయాను. కుర్చీలో ఉన్నాయన చివరిదాకా శ్రద్ధగా విన్నాడు. తర్వాత "కుత్తా హై, భౌంకేగా హీ నా" అన్నాడు. కుక్క కదా, మొరగక ఏం చేస్తుంది.

నా నాలుగు వాక్యాల్లో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. అదే నా కోపం.

మార్చి 27

మోడల్ పేపర్ రాశాను. గద్యం చదివి ప్రశ్నలకు జవాబులు రాసే చోట మూడు సార్లు మొదటి నుంచి చదవాల్సి వచ్చింది. మార్కులు ఇక్కడ రాయను.

కోపానికి ఎన్ని మాటలున్నాయో చూశాను. అలుక మనవాళ్ళ మీద వస్తుంది. ఆగ్రహం పెద్దవాళ్ళకు వస్తుంది. క్రోధం మునులకు. ఏమీ చేయలేనివాళ్ళకు వచ్చేది ఉక్రోషం. నాది అదే. ఇన్నాళ్ళూ పేరు తెలియకుండా అనుభవించాను.

ఉక్రోషం నుంచి బయటపడే దారి ఒక్కటే. ఏదో ఒకటి చేయడం.

మార్చి 30, ఉగాది

చేశాను.

హుంగక్క సంతకు పోయింది. అమ్మ పచ్చడి పంచుతూ హోటల్ ముందు ఉంది. దుర్గేశన్నతో నిన్ననే మాట్లాడి పెట్టుకున్నాను. సందులో బండి ఆపి, వెనక తలుపు దించి, కోడి చర్మాలు లోపల పరిచాడు. పట్టుకోవడానికి గోనె సంచులూ తాళ్ళూ సిద్ధం చేసుకున్నాం. ఒక్కటీ అవసరం పడలేదు. రోజూ మాంసం తెచ్చే బండి కదా, వాటికి అది అత్తగారిల్లు. వాటంతటవే ఎక్కాయి. కుంటిది ఎక్కలేకపోతే దుర్గేశన్న ఎత్తి కూర్చోబెట్టాడు.

"ఎక్కడ దింపుతవ్ అన్నా?"

"కొంట దాటినంక చింతూరు రోడ్డుల. దాబాలున్నయి. రాజాల లెక్క బతుకుతయి. నాక్కూడా అట్ల ఎవరన్న దింపి పోతే బాగుండు."

అంటే సరిహద్దు అవతల. తెలుగు నేల మీద. నేను ఇక్కడ, అవి అక్కడ. పోనీ.

ఇది క్రూరత్వం కాదు. ఒక్క దెబ్బ కొట్టలేదు. ఇది బదిలీ.

మార్చి 31

సమాసాలు పూర్తి. ఛందస్సు సగం. సందులో ఎండుటాకు దొర్లినా వినిపిస్తోంది. నిశ్శబ్దం అనే మాట రాస్తుంటేనే చల్లగా ఉంది.

ఏప్రిల్ 2

హుంగక్క అడిగింది. "కుక్కలు కనబడ్డయా పిల్లా?"

తెలియదన్నాను.

అది అబద్ధం కాదు. ఈ నిమిషంలో అవి ఏ దాబా ముందు ఉన్నాయో నాకు నిజంగా తెలియదు.

సంత నుంచి మెయిన్ రోడ్డు దాకా నడిచి వెతికిందట. జావ దొప్పలు గుమ్మం పక్కన అలాగే ఉన్నాయి. ఈగలు.

ఏప్రిల్ 5

కుక్కలు పోతే ఇప్పుడు గొళ్ళెం. హుంగక్క రాత్రి గొళ్ళెం తీస్తుంది, బయటికి వస్తుంది, లోపలికి పోతుంది, వేస్తుంది. కాసేపటికి మళ్ళీ. రేకు గోడ కాబట్టి నా చెవి పక్కనే తీసినట్టు ఉంటుంది. పొద్దున లేచి చూస్తే గుమ్మంలో కూర్చుని ఉంది, గోడకు వీపు ఆనించి, సందు మొన వైపు చూస్తూ. మనిషికి నిద్ర రాకపోతే పడుకుని మేలుకోవచ్చు కదా?

నాకు ప్రశాంతత రాసిపెట్టి లేదు.

ఏప్రిల్ 8

అమ్మ ఆమెను తిట్టింది. పగలు ఉల్లిపాయలు కోస్తూ కునికిందట. "పని కాడ పండుకుంటవా హుంగే? ఇది హోటలా, మీ అత్తగారిల్లా?"

హుంగక్క నవ్వింది. కళ్ళ కింద నల్లగా ఉంది.

నాకేం సంబంధం.

ఏప్రిల్ 11

హుంగక్క చెయ్యి కాలింది.

బజ్జీల నూనె ముందు నిలబడే నిద్రపోయింది. ముందుకు తూలి మూకుడు అంచు పట్టుకుంది. నూనె మణికట్టు నుంచి మోచేతి దాకా పడింది. అరవలేదు. నాకు కనిపించింది అదే, నోరు తెరిచింది కానీ అరవలేదు. దుర్గేశన్న బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళి కట్టు కట్టించుకొచ్చాడు.

అమ్మకు భయం వేస్తే కోపంగా బయటికి వస్తుంది. "ఇగ రావొద్దు. ఈ రోజు చెయ్యి, రేపు మొఖం. నా హోటల్ల సస్తే నేనెవరికి జవాబు చెప్పాలె? ఇంట్ల కూసో. వేరే మనిషిని చూసుకుంట" అంది.

హుంగక్క కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "పని లేకుంటే గది ఎట్ల ఉంటది అక్కా?" అంది.

అమ్మ గిన్నెలు గట్టిగా పెట్టింది.

ఏప్రిల్ 12

పొద్దున మందు తీసుకుని వెళ్ళాను. నా తప్పేమీ లేదని చెప్పుకుంటూనే వెళ్ళాను.

"అక్కా, రాత్రి పండుకోవచ్చు గదా. ఇప్పుడు సందు ఎంత చల్లగ ఉంది."

"అదే గదా" అంది. "చప్పుడు లేదు. ఎట్ల పండుకోవాలె?"

నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. గింజలు ఏరుతున్నట్టు, ఒక్కొక్క మాట.

"మా ఊళ్ల కుక్కలుండె. ఇంటికి రెండు. అడవిల రాత్రి నడిచేటోళ్ళు వచ్చి చెప్పిన్రు, కుక్కలు ఉండొద్దు, మేం వస్తే అరుస్తయి, అవతలి పోలీసోళ్ళకు తెలుస్తదని. ఊరంత కొట్టిన్రు. మాదాన్ని మా తమ్ముడు కొట్టిండు. వాడే పెంచిండు. వాడే కొట్టిండు."

"తర్వాత?"

"తర్వాతేముంది. ఎవరొచ్చినా చప్పుడు లేదు. ఎవరు పోయినా చప్పుడు లేదు. ఒక రోజు పొద్దున లేచినం. తమ్ముడి మంచం ఖాళీ."

"ఎవరు తీసుకపోయిన్రు? ఆ రాత్రోళ్ళా? అవతలోళ్ళా?"

"ఎవరని చెప్త? కుక్క ఉంటే గదా చెప్పేది."

మందు రాయడానికి చెయ్యి చాపింది. రాశాను. ఆమె నా చేతిని చూస్తూ ఉంది.

తర్వాత అంది, "ఈడికొచ్చినంక ఈ కుక్కలను చూసిన. ఎవడొచ్చినా అరుస్తయి. పోలీసొచ్చినా, దొంగొచ్చినా, మంగల్ తాగొచ్చినా. అప్పుడు పండుకున్న. ఇన్నేళ్ళకు."

ఏప్రిల్ 13

చదవలేదు. కుక్కలు లేవు, చదవలేదు.

ఏప్రిల్ 14

నాకు ఎవరూ ఎందుకు చెప్పలేదు? ఆమె ముందే చెప్పి ఉంటే? "మంచిగ మొరుగుతయి" అంటే ఎవరికి అర్థమవుతుంది? మాట అంటే ఎదుటివాళ్ళకు తెలిసేలా ఉండాలి కదా. నేను అడిగితే కదా చెప్పేది అంటారేమో. అడిగాను. ఎందుకు పోస్తున్నవ్ అని అడిగాను.

దాన్ని అడగడం అనరు.

ఏప్రిల్ 15

దుర్గేశన్నతో గొడవ.

"అన్నా, తిరిగి తేవాలె."

"ఏంది తెచ్చేది? టమాటలా?"

"కుక్కలు."

నా మొహంలోకి చూశాడు. "పంతులమ్మా, నీకు పరీక్షల టెన్షన్ ఎక్కువైంది. పక్షం కింద దీపావళి లెక్క సంబరపడ్డవ్. నేనేమన్న కుక్కల ట్రాన్స్‌పోర్టా?"

"నువ్వు తేకపోతే నేనే బస్సుల పోత."

"బస్సుల కుక్కకు టికెట్ ఎంతంట?"

కోపంతో ఏడుపు వచ్చింది. నాకు ఇదొక రోగం. అతను తల గోక్కుని, "ఎల్లుండి పోదాం, ఏడ్వకు, మంది చూస్తున్నరు" అన్నాడు.

ఏప్రిల్ 17

పోయాం. కొంట దాటి, సరిహద్దు దాటి, చింతూరు రోడ్డు పక్కన ఒక దాబా. దుర్గేశన్న దింపిన చోటు.

ఎర్రదీ నల్లదీ అక్కడే ఉన్నాయి. ఒళ్ళు చేశాయి. నేను బండి దిగగానే లేచి నిలబడ్డాయి. తోక ఊపుతాయనుకున్నాను. మొరిగాయి. నన్ను చూసి. ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు. నేను ఒక అడుగు వేస్తే ఎర్రది పళ్ళు బయటపెట్టింది. నా ఎడమ చెప్పు తిన్న పళ్ళు.

దాబా ఆయన పరుగెత్తుకొచ్చాడు. "భయపడకండమ్మా, కాపలా కుక్కలు. ఎవరో పుణ్యాత్ముడు తెచ్చి దింపి పోయాడు. ఇవి వచ్చాక నా సిలిండర్లు ఒక్కటీ పోలేదు."

పుణ్యాత్ముడు బండి టైర్లు చూస్తూ నిలబడ్డాడు.

"ఇవి మావండి. తీసుకుపోతాం" అన్నాను.

"మీవైతే మిమ్మల్ని చూసి అరుస్తాయామ్మా?" అన్నాడు.

ఇంత తెలుగు చదివాను, ఆ ప్రశ్నకు ఒక్క వాక్యం లేదు నా దగ్గర.

కుంటిది రెండో రోజే లారీ కింద పడిందట. మిగతా రెండింటి సంగతి ఆయనకు తెలియదు. తిరిగి వస్తుంటే దుర్గేశన్న పాట కూడా పెట్టలేదు.

బదిలీ అని రాశాను ఇక్కడ. మార్చి 30. కొట్టేయను. ఉండనీ.

ఏప్రిల్ 18

హుంగక్కతో చెప్పాను. మొత్తం.

"ఎరకే" అంది. "దుర్గేశ్ గాడీల కుక్క బొచ్చు ఉండె. నా చెయ్యి కాలినప్పుడు చూసిన."

"అయితే నన్నెందుకు తిట్టలేదు?"

"తిడితే వస్తయా?"

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మా ఇంట్లో అయితే తిడతారు. తిట్టకపోతే ఎక్కడ నిలబడాలో నాకు తెలియదు. గదికి వచ్చి తలుపు వేసుకున్నాను. ఎవరి మీద అరవాలో తెలియక పుస్తకం తీసి పద్యాలు గట్టిగా చదివాను. గొంతు పోయేదాకా. అర్థాలు, తాత్పర్యాలు, ప్రశ్నలు, చివరికి ముందుమాట కూడా. ఎప్పుడు నిద్రపోయానో తెలియదు.

ఏప్రిల్ 19

గొళ్ళెం చప్పుడు వినలేదు.

హుంగక్క పొద్దెక్కాక బయటికి వచ్చింది. జుట్టు చెదిరి, మొహం మీద చాప అచ్చులు పడి. "ఏంది రాత్రి అంత లొల్లి పెట్టినవ్?" అంది.

"చదివిన అక్కా."

"మేలుకొని ఉన్నదనుకున్న. ఎవడన్న వస్తే ఈ పిల్ల ఊకుంటదా అనుకున్న. అట్లనే కన్నంటుకుంది."

ఏప్రిల్ 20

మళ్ళీ చదివాను. గట్టిగా. గోడ పక్కన కూర్చుని. అవతల గురక.

ఏప్రిల్ 24

అమ్మకు విషయం చెప్పాను. తమ్ముడి సంగతి కూడా. అమ్మ పప్పు రుబ్బుతోంది, ఆపలేదు. "నాకు చెప్పి ఏం లాభం" అంది. కొంచెం సేపయ్యాక "కూసొని ఉల్లిగడ్డ కోసే పని ఉంటే చేస్తదా, ఒక్క చెయ్యితోని?" అంది. ఇంకా కొంచెం సేపయ్యాక "వారం చూస్త. మళ్ళ కునికిందనుకో, ఇగ నేను వినను" అంది.

మే 2

హుంగక్క కునకడం లేదు. నేను కునుకుతున్నాను. రాత్రి ఆమె నిద్రపోయేదాకా చదువుతాను. మధ్యలో మెలకువ వచ్చినట్టు చాప కదిలితే మళ్ళీ అందుకుంటాను. మంగల్ మిర్చి అయ్యాక ఇటుక బట్టీకి పోయాడట, జూన్ దాకా రాడు. ఒకసారి తిక్కరేగి, "నేను మనిషినా, కుక్కనా?" అని గోడకేసి అరిచాను. అవతలి నుంచి "చదువు, చదువు" అని నిద్రలోనే అంది.

మే 9

వీధిలో నా మీద ఫిర్యాదు. ఎదురింటివాళ్ళు అమ్మను పిలిచి, లడకీ సోనే నహీ దేతీ, పిల్ల నిద్రపోనివ్వడం లేదు అన్నారట. హోటల్ ముందు బండి ఆపుకుని పడుకునే దుర్గేశన్న పొద్దున టీ తాగుతూ, "పంతులమ్మా, నీకంటె కుక్కలే నయం. అవి నడుమ నడుమ ఊపిరి తీసుకునేటివి" అన్నాడు.

తాత్పర్యం చదవడం ఆపుతానా? ఆపను. ఎవరు ఏమన్నా ఆపను.

మే 16

మోడల్ పేపర్. మార్కులు ఈసారి రాయొచ్చు, కానీ దిష్టి.

మే 22

మరిచిపోయాను. ఎలా మరిచిపోయానో తెలియదు. ఎల్లుండి పొద్దున ఖమ్మం బస్సు. పరీక్ష 25న. తిరిగి వచ్చేది 26 సాయంత్రం. రెండు రాత్రులు.

హుంగక్క అడగలేదు. బ్యాగులో బట్టలు సర్దుతుంటే గుమ్మంలో నిలబడి చూసి, "మంచిగ రాయి పిల్లా" అని పోయింది.

అమ్మను అడిగాను. "నువ్వు రెండు రాత్రులు ఏదైనా చదువు అమ్మా."

"నేనేం చదువుత? కరెంటు బిల్లా? నాలుగింటికి లేసి పిండి చూడాలె నేను. నువ్వు చేసిన దానికి నేను జాగారం చెయ్యాల్నా? కుక్కలను నేను పంపిన్నా?" మొదలైంది. ఆగలేదు. బంధువులు, నాన్న, జేసీబీ, ఈ ఊరు, నా చదువు, అన్నీ వరసగా. నేనూ అరిచాను. రెండు రోజులు నిద్ర లేక ఆమె మళ్ళీ మూకుడు మీద పడితే ఎవరిది బాధ్యత అని. ఇద్దరం తినకుండా పడుకున్నాం. మధ్యలో చదివాను. గొంతు బొంగురు.

మే 24

బస్సులో రాస్తున్నాను. అక్షరాలు ఎగురుతున్నాయి. బయలుదేరేటప్పుడు అమ్మ నాతో మాట్లాడలేదు. డబ్బాలో పులిహోర పెట్టింది. కోపంలో ఉప్పు మరిచిపోయింది.

మే 25, ఖమ్మం

పరీక్ష పదింటికి. బాబాయి వాళ్ళింట్లో ఉన్నాను. పెద్ద కాలనీ, గేట్లు, ఒక్క కుక్క లేదు. ఇన్నాళ్ళూ కోరుకున్న నిశ్శబ్దం పడుకోవడానికి ఇచ్చారు. కన్ను మూతపడలేదు.

పొద్దున అమ్మకు ఫోన్ చేశాను.

"హుంగక్క?"

"పండుకొని ఉంది. ఇంకా లేవలే."

"నువ్వేం చేసినవ్? ఫోన్ల పాటలు పెట్టినవా?"

"పాటలెందుకే? గోడ పక్కకు మంచం జరుపుకొని మీ నాయనను తిట్టుకుంట కూసున్న. పెళ్ళిచూపుల కాడ మొదలుపెట్టిన."

"రాత్రంతానా?"

"తెల్లారేసరికి నువ్వు పుట్టే కాడికి వచ్చిన. దోర్నపాల్ ఇంకా చానా దూరముంది. ఇయ్యాల రాత్రికి సరిపోతది. నువ్వు తొందరపడకుండ రాయి."